మోదుగాకుల్లో వచ్చిన సర్కారు వాటా

అడవిశాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి వచ్చాడంటే ఈయన దగ్గర పులి కథ ఒకటైనా ఉంటుందని పిల్లలు నా చుట్టూ చేరతారు. వాళ్ళను నిరాశపరచడం నాకు అలవాటైపోయింది. పులి నాకు రెండుసార్లు కనబడింది. రెండుసార్లూ అదే ముందుగా పక్కకు తప్పుకుని పోయింది. అందులో చెప్పడానికేమీ లేదు. నా దగ్గర ఉన్నదల్లా ఒక కేసు. నా చేత్తో రాసిన కేసుల్లో అంత పక్కాగా రాసినది మరొకటి లేదు. సాక్షులు తిరగబడలేదు, కొలతలు తప్పలేదు, ముద్దాయి కూడా నేను రాసిందంతా నిజమేనన్నాడు. మీరు కొత్తగా ఈ ఉద్యోగంలో చేరుతున్నవాళ్ళు గనక మీకు చెబుతున్నాను. ఆ కేసు గుర్తొచ్చిన పూట ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

అప్పుడు కర్నూలు రాజధాని. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. సగం ఆఫీసులు డేరాల్లో నడుస్తుండేవి. రాజధాని మరీ పక్కన ఉండటం వల్ల మాకొచ్చిన చిక్కు ఒకటుంది. అంతకుముందు మద్రాసు నుంచి ఉత్తర్వులు తీరుబడిగా వచ్చేవి. వచ్చేసరికి సగం పాతబడి ఉండేవి. కర్నూలు ఉత్తర్వులు సంతకం తడి ఆరకముందే వచ్చి మీద పడేవి.

నేను ఫారెస్టరుగా చేరి ఏడాది కూడా కాలేదు. మాది మైదుకూరు పక్కన పల్లె, సేద్యగాళ్ళ ఇల్లు. మా ఇంట్లో సర్కారు ఉద్యోగం చూసిన మొదటివాణ్ణి నేనే. ఖాకీ నిక్కరు, తోలు బెల్టు వేసుకుని అద్దంలో చూసుకుంటే నాకే నేను పెద్ద దొరలాగా కనిపించేవాణ్ణి. బేతంచెర్లలో రైలు దిగి, నాపరాళ్ళ గనుల మధ్య బండిదారిన సగం పూట పోతే ఎర్రమల కొండల కింద నా సెక్షన్. రెండు గదుల క్వార్టరు, ఒక అరుగు, ముందు వేపచెట్టు. ఆ అరుగే ఆఫీసు.

నాకు తోడు ఒక గార్డు. ముసల్మాను, యాభై దాటిన మనిషి. తెలుగే మాట్లాడేవాడు, విసుగొచ్చినప్పుడు మాత్రం ఉర్దూలోకి దిగేవాడు. ఆ కొండల్లో ఏ దొనలో నీళ్ళు ఎప్పుడు ఎండుతాయో, ఏ ఊళ్ళో ఎవరికి ఎవరితో పడదో ఆయనకు తెలుసు. నాకు తెలిసినవన్నీ అచ్చుపుస్తకంలోవి. నా కింద పనిచేసేవాడు గనక నాకన్నా తక్కువ తెలుసనుకున్నాను. ఆ వయసులో అందరూ అట్లాగే అనుకుంటారేమో, లేక నేనొక్కణ్ణేనేమో.

మా రేంజరు కోస్తా జిల్లాల నుంచి వచ్చినాయన. చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయనకు అడవి అంటే రిజిస్టరు. మొదటి తనిఖీకి వచ్చినప్పుడు నా కేసుల పుస్తకం తెరిచి, ఖాళీ పేజీలు తిప్పి తిప్పి, "ఆరు నెలలైందయ్యా. ఒక్క కేసూ లేదు. మీ సెక్షన్లో జంతువులు లేవా, నీకు కళ్ళు లేవా?" అన్నాడు. గార్డు ఎదుటే అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది గానీ, పట్టలేదు.

ఆ ఏడు వానలకు ముందు ఒక ఉత్తర్వు వచ్చింది. పంట కాపాడుకోవడానికి రైతులకు ఇచ్చిన లైసెన్సు తుపాకులతో తమ చేలలోకి వచ్చిన అడవిపందిని తప్ప మరే జంతువునూ కొట్టకూడదు. దుప్పి, కణితి, జింక ఆడవైతే ఎవరూ ఎప్పుడూ కొట్టకూడదు. తప్పితే కేసు, తుపాకి జప్తు, లైసెన్సు రద్దు. ఉత్తర్వు మంచిదే. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. అప్పటికే కొండల్లో జంతువులు పలచబడుతున్నాయి. నేను ఇక్కడ చెప్పేది ఉత్తర్వు మీద ఫిర్యాదు కాదు.

ఈ ఉత్తర్వును ఊరూరా దండోరా వేయించి చదివి వినిపించాలన్నారు. నా సెక్షన్లో కొండను ఆనుకుని ఒక ఊరుండేది. ఊరంతటికీ కలిపి ఒకటే తుపాకి. అది ఒక బోయ పెద్దాయన చేతిలో ఉండేది. ఊరివాళ్ళు ఆయనను తుపాకి పెద్దాయన అనేవారు. గొట్టంలో మందు కూరి కాల్చే నాటు తుపాకి, తండ్రి నాటిది. లైసెన్సు ఆయన పేరున ఉన్నా కాపలా ఊరందరికీ. వేరుశనగను అక్కడ బుడ్డలంటారు; ఆ బుడ్డల చేలలో పందులు పడితే ఆయన పోవాలి. ఆయన మేనల్లుళ్ళకు గొర్రెల మందలున్నాయి. తోడేళ్ళు మంద చుట్టూ తిరుగుతున్నాయంటే ఆయన పోయి ఆకాశంలోకి ఒకటి పేలిస్తే నాలుగు దినాలు వాటి జాడ ఉండేది కాదు. ఆ తుపాకి లేకపోతే ఆ ఊరికి పంటా లేదు, మందా లేదు.

చావడి ముందర నిలబడి ఉత్తర్వు చదివాను. గొంతు కొంచెం పెంచే చదివాను. అయిపోయాక పెద్దాయన లేచాడు. ఎత్తు మనిషి, మోకాళ్ళ దాకా పంచె, తలకు పాగా.

"పందిని కొట్టచ్చునా సామీ?" అన్నాడు.

"నీ చేలోకి వస్తే కొట్టొచ్చు."

"దుప్పి వస్తే?"

"తరుముకో. కొట్టకూడదు."

వెనక నుంచి గొర్రెల మేనల్లుడొకడు, "దుప్పికి గూడా ఈ కాయితం సదివి ఇనిపీండి సామీ, అది గూడా తెలుసుకోనీ" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

"మసక మసకగా ఉన్నప్పుడు చేలో ఏది పందో ఏది దుప్పో తెలీదు సామీ. నాకు కండ్లు గూడా ముందటి మాదిరి ల్యావు. తప్పి పడితే ఏం జేయాల?"

ఆ ప్రశ్నకు ఉత్తర్వులో జవాబు లేదు. తెలియదు, కనుక్కుని చెబుతాను అంటే సరిపోయేది. అందరూ నా మొహం వంకే చూస్తున్నారు. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను.

"తప్పి పడితే దాచొద్దు. ఏది పడినా సర్కారుకు తెలియాలి. దాచినవాడే దొంగ, చెప్పినవాడు కాడు."

"అట్లయితే సరే సామీ" అన్నాడు పెద్దాయన. "మాకు దాసేది అలవాటు ల్యా. ఏం పడినా తెలుపుతాం."

తిరిగి వస్తున్నాం. వాగు దాటాక గార్డు, "ఆ మాట ఉత్తర్వులో ఉండాదా సార్?" అని అడిగాడు. లేదన్నాను. "మరి ఎందుకు చెప్పినారు?" అన్నాడు. మంచి కోసమే చెప్పానన్నాను.

అప్పుడే ఆయన నాకు ఆ ఊరివాళ్ళ వాటాల పద్ధతి చెప్పాడు. ఆ ఊళ్ళో ఏ జంతువు పడినా పంచుకోవడానికి ఒక కట్టడి ఉంది. తలకాయ తుపాకి పట్టినవాడిది. గుండెకాయ జాడ తీసినవాడిది. మెడ, అది ఎవరి చేలో పడిందో వాళ్ళది. కుక్కకు కూడా వాటా ఉంది. కుడి వెనక తొడ మాత్రం అడవి ఎవరిదో వాళ్ళది. పాలెగాళ్ళున్నప్పుడు పాలెగానికి పంపేవాళ్ళు, నవాబులొచ్చాక నవాబు మనుషులకు. తెల్లదొరలు డేరాలు వేసుకుని దిగితే వాళ్ళ వంటవాడికి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు అడవి సర్కారుది గనక మా క్వార్టరు అరుగు మీదికి వచ్చేది. నాకు ముందున్న ఫారెస్టర్లంతా తీసుకున్నారట.

"మీరు తినేవారా?" అని అడిగాను.

"నాకు హలాల్ కాదు గదా సార్. ఎవరికో ఒగరికి ఇచ్చేస్తాంటి. కానీ వద్దని ఎప్పుడూ అనల్యా. వద్దంటే సర్కారుకు మన మీద కోపమొచ్చిందని వాళ్ళు భయపడతారు. ఆ తొడ కూర కోసం కాదు సార్. మేం నీ అడవిలో కొట్టినాం, నీకు చెప్పినాం అని దాని లెక్క."

నేను విన్నాను గానీ చెవిన పెట్టలేదు. పాతకాలపు లంచం అనుకుని ఊరుకున్నాను.

కార్తీకంలో బుడ్డలు పీకుతుండగా రేంజరు రెండోసారి తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. ఎల్లుండి దిగుతాడనగా ఒక ఉదయం నేను అరుగు మీద కూర్చుని రికార్డులు సర్దుకుంటున్నాను. కేసుల పుస్తకం ఇంకా ఖాళీగానే ఉంది. కాసింత ఎండెక్కేసరికి పెద్దాయన వచ్చాడు. వెనకాల ఆయన అల్లుడు. అల్లుడి భుజం మీద మోదుగాకుల్లో చుట్టి నారతో కట్టిన మూట. దాన్ని మెల్లగా అరుగు మీద దించాడు. ఆకుల సందుల నుంచి నెత్తురు నాపరాయి మీదికి జారింది.

"సర్కారు వాటా సామీ" అన్నాడు పెద్దాయన.

ఏం పడిందని అడిగాను.

"దుప్పి. తెల్లారుజామున మంచు కమ్ముకోని ఉండ్య. చేను గట్టు కాడ నల్లగా కదిలింది. పందే అనుకొంటి. పోయి చూస్తే దుప్పి." గొంతు తగ్గించాడు. "ఆడది సామీ. సూలుతో ఉండ్య. నా ఇన్నేండ్ల వేటలో సూలుదాన్ని కొట్టింది ఇదే. నాకు చేతులు ఆడల్యా. ఇంటికి గూడా పోకుండా ఆడనే శానాసేపు కూలబడి ఉంటి. మీరు చెప్పినారు గదా, దాయొద్దని. వాటాలేసి మీది మీకు తెచ్చినా."

ఆయన దాచి ఉంటే నాకు జన్మలో తెలిసేది కాదు. గుంట తవ్వి పూడ్చి ఉన్నా, ఊరంతా వండుకు తిని ఉన్నా, నేను ఆ పక్కకు పోయేది నెలకొకసారి. అయినా ఆ ముసలాయన నడిచి వచ్చి, తల ఎత్తి నా ముందర నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

గార్డు నన్ను లోపలికి పిలిచాడు.

"సార్, ఆ మూట తీసి లోపల పెట్టండి. ఇంకోసారి చూసుకోని కాల్చమని నేను ఆయప్పతో గట్టిగా మాట్లాడతా. పుస్తకం మాత్రం తెరవాకండి."

"ఎల్లుండి రేంజరు వస్తున్నాడు."

"రేంజరు రెండు దినాలుండి పోతాడు సార్. మనం ఈడ ఉండాల."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. రూలు తప్పమంటున్నాడని కోపం. నేను అప్పుడు నీతి కోసమే ఆ కేసు రాశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అందులో సగం నిజం. రెండో సగం ఆ ఖాళీ పేజీలు. రెంటిలో ఏది బరువో తూచి చూసుకునే ధైర్యం నాకు పెన్షన్ వచ్చాక గానీ రాలేదు.

కాగితాలు, సిరాబుడ్డి, కొలిచే గొలుసు తీసుకుని వాళ్ళతోనే ఊరికి పోయాను. పంచులుగా, అంటే సాక్షులుగా, ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిపించి చేలోకి నడిచాను. పడినచోటు, నెత్తురు మరకలు, గట్టు నుంచి దూరం, కొండ హద్దురాయి నుంచి దూరం, అన్నీ కొలిచాను. గొలుసు రెండో కొస ఎవరు పట్టుకున్నారనుకుంటున్నారు? ఆయనే. నేను ఒకచోట తప్పు రాస్తే, "ఆడ కాదు సామీ, నేను ఉన్నింది ఇంకా ఈ పక్క" అని సరిచేశాడు కూడా. పంచనామా అంత శుభ్రంగా ఎందుకు వచ్చిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

రాయడం అయ్యాక వేలిముద్ర వేయమని సిరా పూసిన బిళ్ళ ముందుకు జరిపాను. ఆయన బొటనవేలు చాచి ఆగాడు.

"ఇది వాటా అందినట్ల రసీదా సామీ?"

నేను తల ఎత్తలేదు. కాదు, ఇది నీ మీద కేసు అని చెప్పాల్సింది. చెబితే వేస్తాడో వేయడో. పంచులు వింటున్నారు, గార్డు వింటున్నాడు.

"ఆఁ, అట్లాంటిదే" అన్నాను.

ఆయన వేలు గట్టిగా అదిమి ముద్ర వేశాడు. గార్డు నా వంక ఒకసారి చూసి, చేను దాటి పోయి గట్టు మీద కూర్చున్నాడు. తరువాత రెండేళ్ళు ఆయన నాతో కలిసి పనిచేశాడు. ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తుపాకి తెమ్మన్నప్పుడు పెద్దాయనకు సంగతి తెలిసింది. కాసేపు నా మొహంలోకి, చేతిలోని కాగితంలోకి మార్చి మార్చి చూశాడు. ఇంటికి పోయి తుపాకి తెచ్చాడు. ఆ కొంచెం సేపట్లోనే గొట్టం తుడిచి, కట్టెకు నువ్వులనూనె రాసి తెచ్చాడు. మందుకొమ్ము కూడా ఇచ్చాడు. "నీళ్ళు తగలనీవాకండి సామీ, తుప్పు పడతాది" అన్నాడు.

అంతటితో అయిపోలేదు. మాంసం కూడా జప్తు చేయాలి, పాడయ్యే వస్తువు గనక పంచుల ఎదుట నాశనం చేయాలి. రూలు అది. ఊరి బయట గుంట తవ్వించి, వాటాలు వెళ్ళిన ఇళ్ళన్నీ తిరిగి మాంసం వెనక్కి తెప్పించాను. కొన్ని ఇళ్ళలో అప్పటికే పొయ్యి మీద ఉడుకుతోంది. ఆడవాళ్ళు కుండలు తెచ్చి గుంటలో వంచి పోయారు. ఒక బాలింత ఇంటి నుంచి కూడా వచ్చింది ఒక కుండ. నా అరుగు మీది తొడను కూడా తెప్పించి అందులోనే వేయించాను. పైన కిరసనాయిలు పోయించాను, కుక్కలు తవ్వకుండా. ఆ వాసన మీరు ఊహించుకోవద్దు.

గుంట పూడుస్తుంటే పెద్దాయన ఒకే ఒక మాట అన్నాడు.

"దాన్ని సంపింది నేను సామీ. ఆ తప్పు నాది, ఒప్పుకొంటా. ఒగరి కడుపు నిండకుండా మట్టిలో పోపిస్తిరే, అది ఎవురి తప్పు?"

రూలు అని చెప్పాను.

తాలూకా కోర్టులో కేసు ఒక్క వాయిదాకే తేలిపోయింది. నువ్వే కొట్టావా అంటే నేనే కొట్టినానన్నాడు. ఇంకేమైనా చెప్పుకునేది ఉందా అంటే, "సర్కారు వాటా ఇచ్చినా గదా దొరా" అన్నాడు. కోర్టులో ప్లీడర్లు నవ్వారు. నేను కూడా నవ్వినట్టు పెదాలు కదిలించాను. జరిమానా వేశారు. ఊరందరూ పోగేసుకుని కట్టారు. లైసెన్సు రద్దయింది.

రేంజరు సంతోషించాడు. నా పంచనామాకు నకళ్ళు తీయించి, కేసు ఎట్లా రాయాలో చూసి నేర్చుకోమని మిగతా సెక్షన్లకు పంపాడు. ఆ నెలలోనే పట్నం నుంచి ఒక జీపు దిగింది. పెద్ద మనుషులు, పక్కా పర్మిట్లు, విదేశీ తుపాకులు. మగజింకల్నే కొట్టారు, లెక్క తప్పలేదు. కాగితాలన్నీ సరిచూసి సెల్యూట్ కొట్టి పంపాను. వాళ్ళలో ఎవరూ నాకు తొడ ఇవ్వలేదు, ఇవ్వాలని వాళ్ళకు తెలియదు.

తుపాకి పోయాక ఊరి సంగతి మీరే ఊహించుకోగలరు. మరుసటి ఏడు బుడ్డలు గింజ పట్టే వేళకు పందులు దిగాయి. డబ్బాలు కొట్టారు, దివిటీలు పట్టారు. పందులకు రెండు వారాల్లో ఆ చప్పుడు అలవాటైపోయింది. తోడేళ్ళు పగటి పూటే మంద అంచులకు రావడం మొదలుపెట్టాయి. మేనల్లుళ్ళు గొర్రెలు తోలుకుని మైదుకూరు దిక్కు పోయారు, తిరిగి రాలేదు. మందలు పోవడంతో చేలకు ఎరువు పోయింది. పెద్దాయన అల్లుడు బేతంచెర్ల గనుల్లో రాళ్ళు మోసే పనికి చేరాడు. కోసిగి దిక్కు జనం ఏటేటా పోయినట్టు ఈ ఊరివాళ్ళు కూడా సుగ్గికి, అంటే కూలి కోసం దూరదేశాలకు, పోవడం నేర్చారు.

నేను ఊరుకోలేదు, ఆ మాట మాత్రం చెప్పుకోవాలి. లైసెన్సు తిరిగి ఇప్పించమని పైకి రాశాను. పంట నష్టం రాశాను, ముద్దాయి నడవడి మంచిదని రాశాను, తనంతట తానే వచ్చి చెప్పాడని రాశాను. ఫైలు నాలుగు బల్లలు తిరిగి వెనక్కి వచ్చింది. ముద్దాయి నేరం ఒప్పుకుని స్వయంగా వేలిముద్ర వేశాడు, పంచనామాలో సందేహించడానికి ఏమీ లేదు, కాబట్టి వీలుకాదని జవాబు. నేను రాసిన దాంట్లో ఎక్కడైనా ఒక్క లొసుగు దొరికితే బాగుండునని నా నకలు తీసి ఎన్నిసార్లు చదివానో. ఒక్కటీ దొరకలేదు.

ఆ కేసు తరువాత నా అరుగు మీదికి ఏ ఊరి నుంచీ వాటా రాలేదు. వార్త ఎంత దూరం పోయిందో గానీ, పక్క సెక్షన్లో కూడా ఆగిపోయిందట. రేంజరు తరువాతి తనిఖీలో పుస్తకం చూసి, "ఒక్క కేసుతో భయం పెట్టావయ్యా, వేట మొత్తం ఆగిపోయింది" అని నా సర్వీసు రికార్డులో మంచి మాట రాసి పోయాడు.

ఆయన బండి కనుమరుగయ్యాక గార్డును అడిగాను, నిజంగానే ఆగిందా అని.

"వేట ఆగల్యా సార్" అన్నాడు. "మనకు చెప్పేది ఆగింది. తుపాకి జమానా పోయింది, ఇప్పుడు ఉచ్చులు పెడతాండారు. తుపాకి పట్టినోడు ఏం పడుతుందో సగమైనా చూసుకుంటాడు. ఉచ్చు ఏం చూస్తాది? సూలుదో, పిల్లదో, నెమలో, ఏది పడితే అది."

నాకు బదిలీ ఉత్తర్వు వచ్చాక, పోయే ముందు ఒకసారి ఆ ఊరికి పోయాను. ఎందుకు పోయానో నాకే సరిగ్గా తెలియదు. క్షమించమని అడగాలనుకున్నాననే ఇప్పుడు అనిపిస్తుంది. వేలిముద్ర సంగతి నా నోటితో నేనే చెప్పాలనుకున్నాను. గార్డును రావద్దన్నాను.

పెద్దాయన చేలోనే ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఒక మూల మాత్రం కొర్ర వేశాడు, మిగతాది బీడు. నన్ను చూడగానే ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. గట్టు మీద మేము నడుస్తుండగా కంపచెట్టు మొదట్లో నా బూటుకు తీగ తగిలింది. వంగి చూశాను. సైకిలు బ్రేకు తీగతో కట్టిన ఉచ్చు. చుట్టూ మట్టి గీరుకుపోయి ఉంది. తీగకు సన్నని ఎర్రవెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. నేల మీద ఉన్న గిట్టల గుర్తులు పిల్లవి, నా బొటనవేలి గోరంత కూడా లేవు.

నేను తల ఎత్తి చూశాను. అడగలేదు. ఆయనే చెప్పాడు.

"నాది కాదు సామీ."

వెంటనే, "ఎవురు పెట్టినారో నాకు తెలీదు. నేను ఈ దిక్కుకే రాను" అన్నాడు.

ఆ చేను ఆయనది. ఆ గట్టు ఆయనది. కిందటి కేసులో గొలుసు కొస పట్టుకుని నా తప్పు సరిచేసింది ఆ గట్టు పక్కనే. ఆ మనిషికి అబద్ధం చెప్పడం కూడా సరిగ్గా రాలేదు. చూపు నేల మీద పెట్టుకుని, చేతులు రెండూ పంచెకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. రెండేళ్ళ కింద నెత్తురు కారే మూటతో నా అరుగు ముందుకు తల ఎత్తి వచ్చినవాడు ఇప్పుడు నన్ను చూసి భయపడుతున్నాడు.

నేను అడగాలనుకుని వచ్చిన మాట అడగలేదు. క్షమించమంటే ఆయన ఏమనాలి? పంచుల్ని పిలిపించడానికే ఈ మంచిమాటలని అనుకుని ఇంకా భయపడేవాడు. "సరే పెద్దాయనా, నీది కాదులే" అన్నాను. ఉచ్చు విప్పలేదు, కాగితం తీయలేదు. తిరిగి నడిచాను.

నాలుగు అడుగులు వేశానో లేదో వెనక నుంచి పిలిచాడు. దగ్గరికి వచ్చి, పంచె కొంగు ముడి విప్పి రెండు అర్ధరూపాయి బిళ్ళలు నా చేతిలో పెట్టబోయాడు.

"రాయాకండి సామీ" అన్నాడు. "ఉండేది ఇదే."

ఆ బిళ్ళలు ఆయన చేతిలోనే మూసి, ఆ చేతిని నా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఇది చాలదని అనుకుంటున్నానేమోనని ఆయన భయం ఇంకా పెరిగింది. రెండో చేత్తో పంచె కొంగు దులిపి, ఇంకేమీ లేదని చూపించాడు.